ఒమన్‌లో ఒంటరిగా జబల్ షమ్స్ ఎక్కొచ్చా? ఎక్కినవాళ్లు అనుభవం చెప్పండి

నల్గొండ నుంచి మస్కట్‌కు ఉద్యోగానికి వస్తున్న తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. నేను ఎక్కాను, ఒంటరిగానే. కానీ పైదాకా పోలేదు. మూడింటికల్లా కిందికి రావాల్సినవాణ్ణి రాత్రి ఎనిమిదింటికి వచ్చాను. కాబట్టి ఎలా ఎక్కాలో నన్ను అడగకు, ఎక్కడ తప్పుతుందో అడుగు.

మాది అచ్చంపేట దగ్గర ఊరు. మస్కట్‌లో ఏసీ మెయింటెనెన్స్ పని. ఊహ తెలిసినప్పటి నుంచి చైత్ర పౌర్ణమికి సలేశ్వరం పోతున్నాను. నల్లమలలో రాళ్ల దారిన నడిచి, లోయలోకి దిగి, లింగమయ్యను చూసి మళ్లీ ఎక్కి రావడం మాకు అలవాటే. అందుకే రూమ్‌లో జబల్ షమ్స్ మాట వచ్చినప్పుడు "అదొక గుట్టనా" అన్నాను. సలేశ్వరంలో ముందు వేలమంది, వెనక వేలమంది ఉంటారు. "వస్తున్నాం లింగమయ్యా" అన్న కేకే దారి చూపిస్తుంది, తప్పిపోదామన్నా కుదరదు. ఆ సంగతి అప్పుడు గుర్తుకు రాలేదు.

ముందు ఒక విషయం. జబల్ షమ్స్ అంటే సూర్యుడి కొండ, ఎత్తు సుమారు 3,000 మీటర్లు. అసలు శిఖరం మిలటరీ వాళ్ల చేతిలో ఉంది, అక్కడికి పోనివ్వరు. నడిచేవాళ్లు వెళ్లేది దక్షిణ శిఖరానికి, 2,997 మీటర్లు. ఆ దారిని డబ్ల్యూ4 అంటారు. డబ్ల్యూ6 అని ఇంకోటి ఉంది, బాల్కనీ వాక్. అది లోయ అంచు వెంట పోయి, పాడుబడిన పల్లె దగ్గర ఆగుతుంది, సగం రోజులో అయిపోతుంది. ఫోటోలన్నీ దానివే. వాటిని చూసి డబ్ల్యూ4 కూడా అంతే అనుకోకు. పోయి రావడానికి రోజంతా పడుతుంది. బండి ఆపే చోటే దాదాపు 2,000 మీటర్ల ఎత్తు. మన తెలంగాణలో అన్నిటికంటే ఎత్తైన డోలిగుట్ట 965 మీటర్లు. అంటే బండి దిగేసరికే మన రాష్ట్రాన్ని రెండింతలు దాటేసి ఉంటాం.

జనవరిలో ఒక శుక్రవారం. ముగ్గురం పోవాలి. ఒకరికి డ్యూటీ పడింది, ఒకరికి జ్వరం. సీనియర్ ఒకాయన ఇచ్చిన ఫోర్‌వీల్ డ్రైవ్ బండి చేతిలో ఉంది, ఇప్పుడు మానేస్తే మళ్లీ ఎప్పుడు దొరుకుతుందో తెలియదు. అమ్మకు ఫోన్ చేసి "నలుగురం పోతున్నాం" అని చెప్పాను. ఆ అబద్ధం ఎక్కడిదాకా పోయిందో తర్వాత చెప్తా.

తెల్లవారుజామున మూడింటికి బయల్దేరి నిజ్వా, అల్ హమ్రా మీదుగా పోయాను. పైన మట్టిరోడ్డు మీద టైరు పంక్చర్. జాకీ కింద రాయి పెట్టి, అది జారి, మళ్లీ పెట్టి, స్టెప్నీ మార్చేసరికి రెండు గంటలు పోయాయి. ఆరున్నరకు మొదలు కావాల్సిన నడక తొమ్మిది దాటాక మొదలైంది. నిజానికి ఆ రోజు చేసిన అసలు తప్పు అదే. అక్కడ్నే బాల్కనీ వాక్‌కు మారిపోవాల్సింది. ఇంతదూరం వచ్చి ఊరికే పోతామా అనిపించింది. పొలానికి బోరు వేసేటప్పుడు మా చిన్నాయనకు కూడా ఇలాగే అనిపిస్తుంది, ఇంకో యాభై అడుగులు, ఇంకో యాభై అడుగులు అని.

ఎక్కడం కష్టంగా లేదు. రాళ్ల మీద పసుపు, తెలుపు, ఎరుపు పట్టీలు వేసి ఉంటాయి. ఒకటి దాటగానే పైన ఇంకోటి కనిపిస్తుంది. పదకొండింటికి కూర్చుని బ్యాగులోంచి సద్ది తీశాను. జొన్నరొట్టెలు, పల్లీల పొడి. బూటు లేసు కట్టుకుందామని వంగి లేచేసరికి రెండు మేకలు రొట్టెలు నములుతున్నాయి. కవరుతో సహా. అదిలిస్తే కనీసం సిగ్గుపడలేదు. మిగిలింది ఖర్జూరాలు, నీళ్లు. నీళ్లు నాలుగు లీటర్లు తీసుకున్నాను కాబట్టి బతికాను, దారిలో ఎక్కడా దొరకవు.

ఒంటిగంటకు ఎక్కడుంటే అక్కడ్నుంచి వెనక్కి తిరగాలని అనుకున్నాను. ఒంటిగంటకు పైన ఒక అంచు కనిపించింది. అదే శిఖరం అనుకుని నడిచాను. అది దాటితే ఇంకో అంచు. ఒకటీ నలభై ఐదు అయింది. వెయ్యి మీటర్లు ఎక్కితే ఆరు డిగ్రీల దాకా తగ్గుతుంది, పైగా గాలి. చెమటకు తడిసిన చొక్కా ఒంటికి అంటుకుని వణుకు పుట్టింది. అటువైపు నుంచి మబ్బు పైకి లేస్తోంది. అప్పుడు తిరిగాను.

దిగేటప్పుడు గుర్తులు కనిపించలేదు. ఇది ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెప్తున్నా. చాలా రాళ్లకు రంగు వేసింది ఎక్కేవాడికి ఎదురయ్యే వైపే. దిగేవాడికి అదే రాయి ఉత్త రాయి. పొద్దున నేను ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు, అందుకే తిరుగుదారి నాకు కొత్త దారి అయింది. మబ్బులో చక్కగా అరిగిన బాట ఒకటి కనిపిస్తే దాన్ని పట్టుకున్నాను. అది మేకల బాట. అరగంట తర్వాత ఒక బండ అంచున ఆగిపోయింది. కింద లోయ. మేకలైతే అక్కడ్నుంచి కూడా దిగిపోతాయేమో. నేను అక్కడే కూలబడ్డాను, కాళ్లలో వణుకు తగ్గేదాకా లేవలేదు. ఫోన్‌లో సిగ్నల్ లేదు, బ్యాటరీ 11 శాతం.

దిగడానికి ఇంకో సందు వెతకాలని గట్టిగా అనిపించింది. కిందికే కదా పోవాలి! కానీ ఆ దిక్కున అడుగేస్తే మళ్లీ ఎక్కలేనేమోనని భయం వేసింది. ఆ భయమే కాపాడింది. చివరగా రంగు చూసిన రాయి దాకా తిరిగి పైకి ఎక్కాను. గంట పైనే పట్టింది. అక్కడ్నుంచి ఒక గుర్తు కనిపిస్తే తప్ప ముందుకు కదల్లేదు. చీకటి పడింది. డక్టుల లోపల చూడటానికి తలకు కట్టుకునే టార్చి ఒకటి పని బ్యాగులోంచి తీయడం మరిచిపోయాను, అదే దిక్కైంది. ప్రతి పదడుగులకు ఆగి, వెనక్కి తిరిగి టార్చి కొట్టి, రాయి మీద పట్టీ కనిపిస్తే సరైన దారే అనుకుని దిగాను.

బండి దగ్గర ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. అక్కడి మేకల కాపరి. చీకటి పడ్డా బండి కదలకపోయేసరికి ఎవరో పైనున్నారని కనిపెట్టుకుని ఉన్నాడట. "అకేలా?" అని హిందీలో ఒకటే మాట అడిగాడు. తలూపాను. ఏం అనలేదు, ఫ్లాస్కులోంచి కావా, అంటే అక్కడి కాఫీ, పోసి ఇచ్చాడు. రొట్టెలు తిన్న మేకలు ఈయనవేనేమో, అడగలేదు.

కిందికి దిగాక సిగ్నల్ వచ్చింది. 23 మిస్డ్ కాల్స్. ఏడింటికల్లా ఫోన్ రాకపోతే 9999కు, అంటే ఇక్కడి పోలీసులకు, చెప్పమని రూమ్మేటుకు చెప్పాను. వాడు కంగారులో మా బావకు చేశాడు. ఒమన్‌లో ఏడంటే మనకు ఎనిమిదిన్నర. అన్నాలు తినే వేళ కదా, మాట ఇల్లిల్లూ తిరిగింది. నేను ఫోన్ చేసేసరికి ఊళ్లో నలుగురూ లోయలో పడిపోయారు. లేని ముగ్గురి కోసం కూడా అమ్మ ఏడుస్తోంది. బావ ఎంబసీ నంబర్ కోసం సర్పంచ్ ఇంటికి పోయాడు. "కొడుకా, మిగిలినోళ్లు ఎట్లున్నరు?" అని అడిగింది అమ్మ. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం ఆ బండ అంచు కంటే కష్టమైంది.

నువ్వు పోవాలనుకుంటే డబ్ల్యూ4కు ఇంకొకరు దొరికేదాకా ఆగు తమ్ముడూ, ఈలోపు బాల్కనీ వాక్ పోయి రా. ఎవరికి చెప్పి పోతున్నావో వాళ్లకు ఏ నంబర్‌కు చేయాలో కాగితం మీద రాసివ్వు.

మొన్న చైత్ర పౌర్ణమికి లీవు దొరికితే అమ్మతో సలేశ్వరం పోయాను. దారి పొడవునా ఆగి ఆగి వెనక్కి చూస్తున్నానట. "ఎవరి కోసం చూస్తున్నవ్ కొడుకా, మనోళ్లంతా ముందే పోతున్నరు కద" అన్నది అమ్మ.