దడ తగ్గింది కదా, రక్తం పలచబరిచే మాత్ర మానేయవచ్చా?

మీ నాన్నగారికి ఏట్రియల్ ఫ్లట్టర్ (గుండె పైగది అతివేగంగా అదిరే జబ్బు) ఉందని చెప్పారని, మందులతో దడ తగ్గిందని, ఇక రక్తం పలచబరిచే మాత్ర ఆపవచ్చా అని పలాస నుంచి అడిగారు. డాక్టరుగారు చెప్పకుండా ఆపకూడదు. శ్రీకాకుళంలో మెడికల్ వార్డులో 14 ఏళ్లుగా స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. ఇదే ప్రశ్న మనసులో పెట్టుకుని, మమ్మల్ని అడగకుండానే మాత్ర మానేసిన ఒక పెద్దాయనను చూశాను కనుక కొంచెం వివరంగా రాస్తున్నాను.

ఆయన ఉద్దానంలో కొబ్బరి రైతు. డిశ్చార్జి రోజున "మందులు మానకుండా వాడండి" అని మాత్రమే చెప్పి పంపాము. నెల తిరిగేసరికి దడ పోయింది, దడ తగ్గించే చవక మాత్ర ఉంచుకుని, రక్తం పలచబరిచే ఖరీదైన మాత్ర మానేశారు. తరువాత కుడి చెయ్యి పడిపోయి, మాట పోయి వచ్చారు. "దడ నేదు గదమ్మా, ఇంకెందుకని ఆపేశారు" అని వారి భార్య చెప్పినప్పుడు నా దగ్గర సమాధానం లేదు. తప్పు ఆయనది కాదు. ఏ మాత్ర దేనికో విడమరిచి చెప్పవలసినది మేము.

ఇప్పుడు నేను ప్రతి రోగికీ ఇలా చెబుతున్నాను. గుండె పైగదిలో, ఎక్కువమందికి కుడివైపున, విద్యుత్ ప్రేరణ గానుగెద్దులాగా ఒకే చుట్టు తిరుగుతూ ఉండిపోవడమే ఈ జబ్బు. పైగది నిమిషానికి సుమారు 300 సార్లు అదురుతుంది, సాధారణంగా రెండింటికి ఒకటి చొప్పున కింది గదులకు దిగుతుంది కాబట్టి నాడి 150 దగ్గర కొట్టుకుంటుంది. అంత వేగంగా అదిరే గదులు సరిగా ముడుచుకోలేవు, అక్కడ రక్తం మందగించి గడ్డకట్టవచ్చు, ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం వస్తుంది. మెటోప్రొలాల్ వంటి మాత్ర కింది గదుల వేగాన్ని తగ్గిస్తుంది, కానీ పైన గానుగ తిరుగుతూనే ఉండవచ్చు. గడ్డను ఆపేది రెండో మాత్ర, అంటే రక్తం పలచబరిచేది. ఆస్పిరిన్ దానికి బదులు కాదు.

మీ ప్రాంతంలో నేను అన్నిటికన్నా ఎక్కువగా భయపడేది నొప్పి మాత్రలకు. ఒళ్లు నొప్పులకు మందుల దుకాణంలో డైక్లోఫెనాక్ కొనుక్కోవడం, ఆర్‌ఎంపీ డాక్టరు దగ్గర నడుముకు సూది వేయించుకోవడం మనకు మామూలు. రక్తం పలచబరిచే మందు వాడేవారికి ఆ మాత్రతో కడుపులో రక్తస్రావం కావచ్చు, సూది వేసిన కండలో రక్తం పేరుకోవచ్చు, అసలే కిడ్నీ జబ్బులు ఎక్కువైన ఉద్దానంలో ఆ మాత్ర కిడ్నీలకూ కీడు చేస్తుంది. కిడ్నీ పనితీరును బట్టి డాబిగాట్రాన్, అపిక్సాబాన్ వంటి రక్తం పలచబరిచే మందుల మోతాదు మార్చవలసి రావచ్చు కనుక క్రియాటినిన్ పరీక్ష వాయిదా వేయకండి.

కీళ్లవాత జ్వరం (రుమాటిక్ ఫీవర్) వల్ల గుండెలోని మైట్రల్ కవాటం దారి బాగా ఇరుకైన వారికి రక్తం పలచబరిచే వార్ఫరిన్ ఇస్తారు, రక్తం ఎంత పలచబడిందో చూపే ఐఎన్‌ఆర్ పరీక్ష విలువ సాధారణంగా 2 నుంచి 3 మధ్య ఉండాలి. ఆకుకూరలు వార్ఫరిన్ పనిని మార్చగలవు, అయినా అలాంటివారు తోటకూర, మునగాకు మానక్కర్లేదు, వారం వారం ఇంచుమించు ఒకే మోతాదులో తింటే చాలు. మాత్ర మరిచిపోతే మరునాడు రెండు కలిపి వేయకూడదు. పన్ను తీయించుకునే ముందు దంతవైద్యుడికి ఈ మందు సంగతి చెప్పాలి. నల్లటి విరేచనం, తలకు దెబ్బ, ఆగని రక్తం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి రావాలి.

విద్యుత్ ప్రేరణ చుట్టు తిరిగే ఆ దారిని అబ్లేషన్‌తో (రక్తనాళం గుండా సన్నని తీగను గుండెకు పంపి చేసే చికిత్సతో) తెంచవచ్చు, ఎక్కువమందికి ఫలితం బాగుంటుంది. మీ నాన్నగారికి అది పనికివస్తుందో గుండె డాక్టరును అడగండి. అయితే ఆ తరువాత కొందరికి ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (పైగదులు క్రమం తప్పి అదరడం) వస్తుంది కాబట్టి అప్పుడు కూడా మాత్ర విషయం వారే తేల్చాలి.

మూతి వంకరపోయినా, చెయ్యి జారినా, మాట తడబడినా 108కి ఫోన్ చేసి, చివరిగా ఎప్పుడు బాగున్నారో ఆ సమయం రాసుకోండి. గడ్డ కరిగించే సూదికి ఆ సమయం నుంచి 4.5 గంటల గడువు ఉంటుంది, రక్తం పలచబరిచే మందు చివరిగా ఎప్పుడు వేశారో కూడా అక్కడ అడుగుతారు.

ఈ రాత్రి రెండు మాత్రలూ మీ నాన్నగారి అరచేతిలో పెట్టి, ఏది దేనికో ఆయన మాటల్లోనే చెప్పమనండి. తడబడితే మళ్లీ చెప్పి, రెండు రోజులాగి మరోసారి అడగండి.