టామ్ అండ్ జెర్రీ: తాతకూ మనవడికీ ఒకేచోట నవ్వు

ప్రశ్న: మా మామగారు, ఆరేళ్ల మా బాబు ‘టామ్ అండ్ జెర్రీ’ చూస్తూ ఒకేచోట నవ్వుతారు. కొన్ని భాగాలు మాత్రం ఇద్దరికీ నచ్చవు. ఎందుకని?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మాటలు దాదాపు లేవు కాబట్టి భాష అడ్డురాదు. అసలు బలం మాత్రం కొలతలో ఉంది. తెరమీద సెకనుకు 24 ఫ్రేములు, అంటే 24 బొమ్మలు. దెబ్బ పడేముందు టామ్ ఎన్ని ఫ్రేములు నిలబడాలో దర్శకుల్లో ఒకరైన విలియం హానా లెక్కగట్టేవారు. ఆ విరామం మరీ చిన్నదైతే ఏం జరగబోతోందో కంటికి అందదు, సాగితే నవ్వు చల్లారిపోతుంది. ప్రతి అడుగుకూ, ప్రతి జారుడుకూ స్కాట్ బ్రాడ్లీ సంగీతం కూర్చారు. (టామ్ పెట్టే కేకలు హానా గొంతులోవే!)

నచ్చనివి బహుశా వేరే బృందం తీసినవి. హానా, ఆయన సహదర్శకుడు జోసెఫ్ బార్బెరా 1940–58 మధ్య 114 భాగాలు తీశారు, ఏడు ఆస్కార్లూ వాటికే. 1961–62లో మరో దర్శకుడు జీన్ డీచ్ ప్రాగ్‌లో తీసిన 13 భాగాలకు డబ్బు తక్కువ. కదలిక గతుకులుగా ఉంటుంది, శబ్దం బోలుగా వినిపిస్తుంది. టైటిల్స్‌లో పేర్లు చూసి ఎంచుకోండి. ముందుగా టామ్ పియానో వాయించే ‘ది క్యాట్ కాన్సర్టో’ పెట్టండి. పాత భాగాల్లో కొన్నిచోట్ల నల్లజాతివారిని కించపరిచే చిత్రణ ఉంది. బాబుకు చూపించేముందు మీరొకసారి చూసుకోండి.