మధ్యలో ఆగిన కార్టూను, మీ అమ్మాయి నోటు పుస్తకం

ప్రశ్న: నేను ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయుణ్ని. మా అమ్మాయి ఖమ్మంలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. గణితం, స్టాటిస్టిక్స్, కంప్యూటర్స్ ఆమె సబ్జెక్టులు. మార్కులు బాగానే వస్తాయి. కానీ ఖాళీ దొరికితే చాలు, పాత సూపర్‌హీరో కార్టూన్లు పెట్టుకు కూర్చుంటుంది. చూసి ఊరుకోదు. ఏ భాగం ఏ తేదీన ప్రసారమైందో, మధ్యలో ఎన్ని వారాలు ఆగిందో నోటు పుస్తకంలో రాసుకుంటుంది. ‘యంగ్ జస్టిస్’ అనే కార్టూనును రేటింగులు లేవని ఆపేశారట, అది అన్యాయమట. అలాంటి నిర్ణయాలు తీసుకునే చోటే తాను ఉద్యోగం చేస్తుందట. అసలు అలాంటి ఉద్యోగాలున్నాయా? యానిమేషన్ కోర్సులో చేర్చాలా, ఎమ్మెస్సీకి పంపాలా? పుస్తకంలోని రెండు పేజీల ఫొటో జతచేస్తున్నాను.

జవాబు: మాస్టారూ, మీ ఉత్తరం చదవడానికి ముందే ఆ ఫొటో చూశాను. తేదీ, వారం, సమయం, భాగం పేరు అని నాలుగు గళ్లు గీసుకుంది. 2012 అక్టోబరు 13 దగ్గర ఎర్ర సిరాతో అడ్డగీత పెట్టి, అక్కడి నుంచి పన్నెండు వరుసలు ఖాళీగా వదిలింది. 2013 జనవరి 5న మళ్లీ రాత మొదలైంది. ఆ పన్నెండు ఖాళీ వరుసల దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మీకు పిల్లచేష్టలా కనిపిస్తున్న ఈ పని టెలివిజన్ చానళ్లలో కొందరు ఉదయం నుంచి సాయంత్రం దాకా చేస్తారు, దానికి జీతం తీసుకుంటారు. కాబట్టి మొదటి ప్రశ్నకు జవాబు: ఉద్యోగాలున్నాయి.

చానల్లో ఏ కార్యక్రమం ఏ రోజు ఎన్ని గంటలకు రావాలో తేల్చేది ప్రోగ్రామింగ్ విభాగం. వారాన్ని అరగంటల గళ్లుగా చీల్చి నింపే పట్టికను మన చానళ్లలో ఎఫ్‌పీసీ అంటారు, అంటే ఫిక్స్‌డ్ పాయింట్ చార్ట్. ప్రతి వారం వచ్చే రేటింగులను ఆ పట్టిక పక్కన పెట్టి, ఎక్కడ జనం పెరిగారు, ఎక్కడ జారిపోయారు అని విడమరిచి చెప్పేది రీసెర్చ్ విభాగం. మీ అమ్మాయి రెండూ కలిపి ఇంట్లోనే చేస్తోంది.

అయితే ఆమె మాటలో ఒక సవరణ ఉంది. ‘యంగ్ జస్టిస్’ కేవలం రేటింగుల వల్ల ఆగిందనుకుంటే కథ సగమే తెలిసినట్టు. అమెరికాలో కార్టూన్ నెట్‌వర్క్ దాన్ని 2010 నవంబరు 26న మొదలుపెట్టింది. మొదటి సీజన్‌లో 26 భాగాలే ఉన్నా, అవి పూర్తయ్యేసరికి 2012 ఏప్రిల్ 21 వచ్చింది. దాదాపు 17 నెలలు. మధ్యమధ్య నెలల తరబడి విరామాలు. మొదట్లో శుక్రవారం సాయంత్రాలు వచ్చేది, 2012 మార్చి నుంచి డీసీ కామిక్స్ వీరుల కార్టూన్లను కలిపి వేసే ‘డీసీ నేషన్’ పేరిట శనివారం ఉదయానికి మారింది. ఈ కార్టూను ఒక భాగానికొక కథగా సాగేది కాదు. కుర్ర వీరుల జట్టు, జట్టులో ఎవరో ద్రోహి ఉన్నారన్న అనుమానం, ఆ అనుమానం భాగం వెంట భాగం ముదరడం. అలాంటి కథను ఎనిమిదేళ్ల పిల్లవాడు అయిదారు నెలలు గుర్తుపెట్టుకుని, మారిన రోజును, మారిన గంటను కనుక్కుని మరీ రావాలి. చాలామంది రారు. రాకపోతే రేటింగు అంకె పడిపోతుంది. అంకె పడిందని గంట మారుస్తారు. గంట మారితే మిగిలినవాళ్లలోనూ కొందరు దారి తప్పుతారు. ఈ చక్రంలో కథ బాగుందా లేదా అన్న ప్రశ్నకు చోటే లేదు.

2012 అక్టోబరు 13న, కొత్త భాగం వస్తుందని పిల్లలు ఎదురుచూస్తున్న రోజున, డీసీ నేషన్ మొత్తాన్ని పట్టిక నుంచి తప్పించారు. 2013 జనవరిలో తిరిగి తెచ్చారు. మార్చి 16న ‘యంగ్ జస్టిస్’, దాని పక్కనే వచ్చిన ‘గ్రీన్ లాంటర్న్’ రెండూ ముగిసిపోయాయి. నిర్మాతల్లో ఒకరైన గ్రెగ్ వైస్‌మన్ తర్వాత చెప్పిన కారణం మాత్రం బొమ్మలు. మాటెల్ కంపెనీ తయారుచేసే బొమ్మలతో ఆ కార్టూను పెట్టుబడి ముడిపడి ఉంది. బొమ్మలు అనుకున్నంతగా అమ్ముడుపోలేదు, ఆ డబ్బు ఆగింది, దానితోపాటు కార్టూనూ ఆగింది. మూడేళ్ల పైచిలుకు గడిచాక, నెట్‌ఫ్లిక్స్‌లో పాత భాగాలను జనం వరసపెట్టి చూడటంతో 2016 నవంబరులో మూడో సీజన్ ప్రకటించారు. అది 2019 జనవరిలో డీసీ యూనివర్స్ అనే స్ట్రీమింగ్ సేవలో వచ్చింది. టైంటేబుల్ లేని చోట అదే కథకు చూసేవాళ్లు దొరికారు. మీ అమ్మాయి కోపంలో నిజం ఉంది. కాకపోతే ఆ కోపం తగలవలసిన చోటు ఒకటి కాదు, మూడు: గంట, అంకె, బొమ్మల దుకాణం.

గంట సంగతికి ఇంకా తేటైన ఉదాహరణ ‘బ్యాట్‌మన్: ది యానిమేటెడ్ సిరీస్’. 1992 సెప్టెంబరులో అమెరికాలో ఫాక్స్ చానల్లో, పిల్లలు బడి నుంచి ఇల్లు చేరే వేళకు, సోమవారం నుంచి శుక్రవారం దాకా వేశారు. బాగా ఆడింది. ఆ ఉత్సాహంతో అదే డిసెంబరులో ఆదివారం సాయంత్రం 7 గంటలకు కూడా తెచ్చారు. ఆ గంటకు ఎదురుగా సీబీఎస్ చానల్లో ‘60 మినిట్స్’ ఉంది, పెద్దలు పట్టుబట్టి చూసే వార్తా కార్యక్రమం. ఆదివారం సాయంత్రం ఇంట్లో రిమోట్ ఎవరి చేతిలో ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. కొద్ది నెలలకే ఆదివారం ప్రసారం ఎత్తేశారు. బొమ్మలు గీసినవాళ్లు వాళ్లే, గొంతులిచ్చినవాళ్లు వాళ్లే, కథలూ అవే. మధ్యాహ్నం గెలిచిన కార్టూను సాయంత్రం ఓడింది. ఆ ఆదివారం అంకె ఒక్కటే చేతికిస్తే ఎవరైనా ఏమనేవారు? కార్టూను పనికిరాదని. ఆ తర్వాత కూడా అది కొనసాగి మొత్తం 85 భాగాలు పూర్తి చేసుకుంది, మధ్యలో ఎమ్మీ అవార్డు కూడా అందుకుంది.

ఆ కార్టూనుకు మొదట ఇచ్చిన ఆర్డరు 65 భాగాలు. 1990ల ‘స్పైడర్‌మ్యాన్’ కూడా 65 దగ్గరే ఆగింది, ‘టీన్ టైటన్స్’ కూడా 65. మీ అమ్మాయి ఈ సంఖ్యను గమనించే ఉంటుంది. వారానికి అయిదు రోజుల చొప్పున 65 భాగాలు సరిగ్గా 13 వారాలు వస్తాయి, అంటే ఏడాదిలో నాలుగో వంతు. ఏడాదికి నాలుగుసార్లు తిప్పితే పట్టిక నిండిపోతుంది. కథ ఎక్కడ ముగియాలన్నది రచయితకంటే ముందు క్యాలెండరు తేల్చిన సందర్భాలు ఇలా చాలా ఉన్నాయి.

ఇక అంకె. ఇక్కడ ఆమె చదువుతున్న స్టాటిస్టిక్స్ నేరుగా అక్కరకొస్తుంది. మన దేశంలో 2015 నుంచి టీవీ ప్రేక్షకుల లెక్కలు బార్క్ (బ్రాడ్‌కాస్ట్ ఆడియన్స్ రీసెర్చ్ కౌన్సిల్) సంస్థ ఇస్తోంది. ఎంపిక చేసిన ఇళ్లలో మీటర్లు పెడతారు. చానల్ శబ్దంలో చెవికి వినపడని ఒక గుర్తు కలిపి ఉంటుంది, మీటరు దాన్ని పసిగడుతుంది. చూస్తున్నది ఎవరో తెలియడానికి ఇంట్లో ఒక్కొక్కరికీ ఒక్కో బటను ఇస్తారు, కూర్చున్నప్పుడు నొక్కాలి. ఆరేళ్ల పిల్ల కార్టూను మొదలైన ఉత్సాహంలో బటను నొక్కడం గుర్తుంచుకుంటుందా? పిల్లల అంకెల్లోని మొదటి బలహీనత అది.

రెండోది ఇంకా ముఖ్యం. ఒక చానల్ కోరుకునే గుంపులో, అంటే ఒక ప్రాంతంలో ఒక వయసు పిల్లల్లో, మీటర్లున్న ఇళ్లలోని వాళ్లు 400 మంది అనుకుందాం. ఒక కార్టూనుకు 2 శాతం రేటింగు వచ్చిందంటే చూసినవాళ్లు ఎనిమిది మంది. ఒక ఇంట్లో అన్నాచెల్లెళ్లు ఇద్దరూ అమ్మమ్మగారి ఊరు వెళితే అంకె 1.5కి దిగుతుంది. పావు వంతు జనం పోయినట్టు సమావేశంలో గగ్గోలు పుడుతుంది. పోయింది ఇద్దరు పిల్లలు, అదీ సెలవులకు. 400 మందిలో 2 శాతానికి ప్రామాణిక దోషం, అంటే కొందరినే లెక్కించడం వల్ల అంకె మామూలుగా అటూ ఇటూ ఊగే మేర, సుమారు 0.7 శాతం. ఈ లెక్క మీ అమ్మాయి రెండు నిమిషాల్లో వేస్తుంది. ఆ బల్ల దగ్గర లేచి నిలబడి “ఈ తగ్గుదల తగ్గుదల కాదు, ఇంకో నాలుగు వారాలు చూద్దాం” అని ఆధారాలతో చెప్పగలిగే మనిషి దొరకడమే కష్టం. ఒక మంచి కార్టూను ఆయుష్షు ఆ ఒక్క మాట మీద ఆధారపడవచ్చు.

రేటింగుకూ షేరుకూ తేడా కూడా ఆమె ఇప్పుడే పట్టుకోవాలి. రేటింగు ఆ గుంపు మొత్తంలో నూటికి ఎందరు చూశారో చెబుతుంది. షేరు ఆ వేళకు టీవీ ముందున్నవాళ్లలో నూటికి ఎందరో చెబుతుంది. ఉదయం నూటికి పదిమంది పిల్లలే టీవీ చూస్తున్నారనుకోండి, అందులో ఇద్దరు మన కార్టూను దగ్గరున్నారు. రాత్రి ముప్పైమంది చూస్తున్నారు, అందులో ముగ్గురు మన దగ్గరున్నారు. రేటింగు ప్రకారం రాత్రిది గొప్ప. షేరు ప్రకారం ఉదయానిది రెట్టింపు బలమైనది. ఉదయం కార్టూనును రాత్రికి మార్చమని వాదించాలంటే ఈ రెండో అంకె కావాలి.

ఆడపిల్ల తండ్రిగా మీరు తెలుసుకోవలసినది ఇంకొకటి ఉంది. ఆ ‘బ్యాట్‌మన్’ రచయితల్లో ఒకరైన పాల్ డీనీ 2013లో బహిరంగంగానే చెప్పారు, సూపర్‌హీరో కార్టూన్లను అమ్మాయిలు ఎక్కువగా చూడటం కొందరు అధికారులకు ఇబ్బందిగా ఉండేదని. అమ్మాయిలు ఆ బొమ్మలు కొనరన్నది వాళ్ల లెక్క. చూసే పిల్లలున్నా, ఆ చూపుకు విలువ కట్టలేదు. నాకు ఇది చదివిన ప్రతిసారీ బాధ కలుగుతుంది. మీ అమ్మాయిలాంటివాళ్లు ఆ కుర్చీల్లోకి రావాలని నేను కోరుకోవడానికి ఇది పెద్ద కారణం.

మన దగ్గరి సంగతి. హైదరాబాదులోని గ్రీన్ గోల్డ్ సంస్థ తీసిన ‘ఛోటా భీమ్’ 2008లో పోగో చానల్లో మొదలైంది. లడ్డూ తింటే బలం వచ్చే ఆ పిల్లవాడు మన సూపర్‌హీరోయే. దాని కథలు చాలావరకు దేనికదే పూర్తవుతాయి. పొద్దున వేసినా, మధ్యాహ్నం వేసినా, వేసవి సెలవుల్లో రోజుకు నాలుగుసార్లు తిప్పినా పిల్లలకు ముందు కథ తెలియాల్సిన పనిలేదు. ‘యంగ్ జస్టిస్’ ముగిసిన మరుసటి నెల, 2013 ఏప్రిల్‌లో, అదే కార్టూన్ నెట్‌వర్క్ ‘టీన్ టైటన్స్ గో’ మొదలుపెట్టింది. పొట్టి భాగాలు, నవ్వులు, ఎక్కడ మొదలుపెట్టినా అర్థమయ్యే కథలు. అది 400 భాగాలు దాటింది. దాన్ని తిట్టుకునే అభిమానులు చాలామంది ఉన్నారు, బహుశా మీ అమ్మాయి కూడా అందులో ఉండవచ్చు. ఎన్నిసార్లయినా తిప్పగలిగే గుణం పట్టికకు ఎంత విలువైనదో ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి ఆమె ఆలోచించాలి. గొలుసుకథను ఇష్టపడేవాళ్లు ఆ ఇష్టాన్ని కాపాడుకోవాలంటే, ఎదుటి కార్టూను ఎందుకు గెలిచిందో ద్వేషం లేకుండా చూడగలగాలి.

ఇప్పుడు చదువు. యానిమేషన్ కోర్సు వద్దు. మీరు పంపిన పేజీల్లో ఒక్క బొమ్మ కూడా లేదు, అన్నీ తేదీలూ లెక్కలే. గీయడం మీద ఆరాటం ఉన్నవాళ్లు హైదరాబాదులోని జేఎన్ఏఎఫ్‌ఏయూ (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ)లో యానిమేషన్ బీఎఫ్‌ఏ డిగ్రీ లాంటివి చూసుకోవాలి. ఈమె దారి అది కాదు. డిగ్రీ ఇదే పూర్తి చేయనివ్వండి. ఆ తర్వాత ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్‌కు హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఉస్మానియా ఉన్నాయి. కష్టపడగలిగితే ఐఎస్‌ఐ (ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్) వారి ఎంస్టాట్ ప్రవేశ పరీక్ష కూడా రాయించండి. మీడియా వైపే నేరుగా వెళ్తానంటే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో కమ్యూనికేషన్ ఎంఏ ఉంది, అహ్మదాబాద్‌లో మీడియా, ప్రకటనల చదువులు చెప్పే మైకా సంస్థ ఉంది. మైకా ఫీజు బరువు ఎక్కువ, అప్పు చేసి పంపేముందు రెండుసార్లు ఆలోచించండి. నా ఓటు ఎమ్మెస్సీకే. శాంపిలింగ్, అంటే కొందరిని చూసి అందరి లెక్క కట్టడం, బాగా వచ్చినవాళ్లు టెలివిజన్ భాషను ఆరు నెలల్లో నేర్చుకుంటారు. తిరగేసి చేయడం చాలా కష్టం.

ఒక చేదు నిజం కూడా దాచను. పిల్లల చానళ్లలో ఈ కుర్చీలు తక్కువ, ఉన్నవి ఎక్కువగా ముంబయిలో. మొదటి ఉద్యోగం కార్టూన్ల దగ్గర దొరక్కపోవచ్చు. ప్రకటనల ఏజెన్సీలో మీడియా ప్లానింగ్, మార్కెట్ పరిశోధన సంస్థ, హైదరాబాదులోని తెలుగు చానళ్ల రీసెర్చ్ విభాగం, వీటిలో ఏది దొరికినా చేరమనండి. సీరియళ్ల అంకెలు చూడటం ఆమెకు మొదట నిరుత్సాహంగా ఉండవచ్చు. అయినా అక్కడ నేర్చుకునే లెక్కే రేపు పిల్లల చానల్లో పనికొస్తుంది. పిల్లలు ఫోన్లలోకి, యూట్యూబ్‌లోకి వెళ్లిపోతున్నారని మీరు అడగవచ్చు. వెళ్తున్నారు. అక్కడ కూడా ఏ నిమిషంలో పిల్లవాడు వదిలేశాడో చూసి కారణం చెప్పేవాళ్లు కావాలి.

ఈ సెలవుల్లో ఆమెకు నా తరఫున రెండు పనులు అప్పగించండి. తెలుగులో వచ్చే పిల్లల చానల్ ఒకటి ఎంచుకుని, ఏడు రోజులు, ఉదయం 7 నుంచి రాత్రి 9 దాకా ప్రతి అరగంటకు ఏం వేశారో రాయమనండి. దాని ముందు ఏముంది, తర్వాత ఏముంది, పోటీ చానల్లో అప్పుడు ఏముంది, ఏ ప్రకటనలు వచ్చాయి అన్నవి కూడా. ప్రకటనల గడి తప్పనిసరి. చాక్లెట్లు ఎక్కడ వచ్చాయో, సబ్బులు ఎక్కడ వచ్చాయో చూస్తే ఆ గంటలో పిల్లల పక్కన అమ్మ కూడా కూర్చుని ఉంటుందని చానల్ అనుకుంటోందో లేదో తెలుస్తుంది.

రెండోది ఆ పాత పుస్తకంలోనే చేయాలి. ఎర్ర గీత కింద వదిలిన పన్నెండు వరుసలు ఇక ఖాళీగా ఉండకూడదు. ఆ పన్నెండు శనివారాల్లో, అదే గంటకు, ఆ చానల్ ఏం వేసిందో వెతికి ఒక్కొక్కటే నింపమనండి. అవి అమెరికాలో క్రిస్మస్ ముందు బొమ్మలు బాగా అమ్ముడుపోయే వారాలని గుర్తుచేయండి. నిండిన పేజీ ఫొటో తీసి నాకు పంపండి, ఆమెతో ఫోన్లో మాట్లాడతాను.