యంగ్ ప్రయోగం ఇంట్లో చేయొచ్చా? ఒక్క తల వెంట్రుక చాలు

థామస్ యంగ్ జంట చీలికల ప్రయోగం (రెండు సన్నని చీలికల గుండా వెలుగు పంపితే గోడ మీద వెలుగు, చీకటి పట్టీలు పడటం) ఇంట్లో చేసి చూడొచ్చా, అసలు అందులో అంత గొప్పేముంది అని ఒకరు అడిగారు. చేయొచ్చు, మేం చేశాం. పైగా రెండు చీలికలు కూడా అక్కర్లేదు.

పోయిన వేసవిలో ఒక రాత్రి కరెంటు పోయింది. ఇంటర్ సెకండియర్ చదివే మా అమ్మాయి చీకట్లో కూర్చుని "బీటా ఈజ్ ఈక్వల్ టు లామ్డా డీ బై డీ" అని వల్లె వేస్తోంది. అంటే కాంతి తరంగదైర్ఘ్యాన్ని గోడ దూరంతో హెచ్చించి, చీలికల ఎడంతో భాగిస్తే పట్టీల ఎడం వస్తుందని. ఆ పట్టీలు ఎప్పుడైనా చూశావా తల్లీ అని అడిగాను. "లేదు నాన్నా, బిట్లు చేయిస్తారంతే" అంది. నాకు కడుపు మండిపోయింది. ఏడాదికి లక్షకు పైగా కట్టించుకున్న కాలేజీ అది. ల్యాబులోకి తీసుకెళ్లింది లేదు గానీ, రికార్డు మాత్రం సీనియర్ల పుస్తకం చూసి రాయించారు.

తీర్థంలో కొన్న ఎర్ర లేజర్ ఒకటి ఇంట్లో ఉంది. అమ్మాయి తల వెంట్రుక ఒకటి తీసి, లేజర్ మూతి మీద నిలువుగా టేపుతో అంటించాం. కుర్చీ మీద పెట్టి ఎదుటి గోడ మీదకు వేశాం. వెంట్రుక నీడ నల్లటి గీతలా పడుతుందనుకుంటాం కదా, పడలేదు. నీడ ఉండాల్సిన నడిమధ్యనే బాగా వెలుగు! దానికి అటూ ఇటూ వరసగా ఎర్ర మరకలు, వాటి మధ్య నల్లటి ఖాళీలు. ఆ ఖాళీల దగ్గర అమ్మాయి పెన్సిల్‌తో గుర్తులు పెట్టింది. గోడ దూరం 4 మీటర్లు. మధ్యది వదిలేస్తే గుర్తుకీ గుర్తుకీ 4 సెంటీమీటర్లు. లేజర్ తరంగదైర్ఘ్యం 650 నానోమీటర్లని దాని మీదే రాసుంది. వల్లె వేస్తున్న ఆ సూత్రంలోనే, చీలికల ఎడం బదులు వెంట్రుక మందం పెట్టి లెక్క వేస్తే, ఆ మందం 0.065 మిల్లీమీటర్లు వచ్చింది. వెంటనే "నానమ్మా, నీదొకటి ఇవ్వు" అని పరిగెత్తింది. మా అమ్మ వెంట్రుక సన్నం, గుర్తులు ఇంకా ఎడంగా పడ్డాయి.

యంగ్ చేసింది కూడా దాదాపు ఇదే. ఆయన లండన్‌లో డాక్టరు. కిటికీ తలుపు రంధ్రానికి మందపాటి కాగితం అడ్డుపెట్టి, సూదితో చిల్లు పొడిచి, బయటి అద్దం నుంచి ఎండను లోపలికి పట్టాడు. ఆ వెలుగుకు అంగుళంలో ముప్ఫయ్యో వంతు ఉన్న అట్టముక్క అడ్డుపెట్టాడు. నీడలో పట్టీలు కనిపించాయి. అట్టకు ఒక పక్క వెలుగును ఆపగానే, రెండో పక్క వెలుగు వస్తున్నా, నీడలోని పట్టీలు మాయం! వెలుగూ వెలుగూ కలిస్తేనే ఆ చీకటి గీతలు వస్తున్నాయన్నమాట. అంటే కాంతి అలల్లా నడుస్తుందని యంగ్ వాదన. 1803 నవంబరులో లండన్‌లోని శాస్త్రవేత్తల సంఘం రాయల్ సొసైటీలో ఇది చదివాడు. రెండు రంధ్రాల బొమ్మ 1807లో అచ్చయిన ఆయన ఉపన్యాసాల్లోది.

కాంతి కణాలని న్యూటన్ చెప్పాక ఇంగ్లండులో ఎదురు మాట్లాడటం సామాన్యం కాదు. హెన్రీ బ్రూమ్ అనే ఆయన పత్రికలో యంగ్‌ని ఏకిపారేశాడు. జవాబుగా యంగ్ వేసిన చిన్న పుస్తకం ఒక్క ప్రతే అమ్ముడైందట. ఆ సంగతి చదివినప్పుడల్లా నాకు బాధేస్తుంది.

ఇప్పుడు యూట్యూబ్‌లో ఈ ప్రయోగం పేరు చెప్పగానే "మనం చూస్తే కాంతి మారిపోతుంది" అని మొదలుపెడతారు. పట్టీలు ఒక్కసారైనా కళ్లతో చూడనివాళ్లకి క్వాంటమ్ (కాంతి చిన్న చిన్న మోతాదులుగా వస్తుందనే సిద్ధాంతం) గురించి చెప్పడం తప్పని నా గట్టి అభిప్రాయం. 1909లో కేంబ్రిడ్జిలో టేలర్ అనే భౌతికశాస్త్రవేత్త కూడా సూది నీడనే తీసుకున్నాడు. మసి పట్టించిన అద్దాలతో వెలుగును బాగా తగ్గించి, ఒక ఫొటోకి సుమారు 2000 గంటలు పట్టాడు. అంత తక్కువ వెలుగులోనూ పట్టీలు చెక్కుచెదరలేదు. క్వాంటమ్ కథ చెప్పాలంటే అక్కడి నుంచి మొదలుపెట్టాలి.

మీరు చేసేటప్పుడు గోడ కనీసం 3 మీటర్ల దూరంలో ఉండాలి, వెంట్రుక బిగుతుగా ఉండాలి. లేజర్ పిల్లల కళ్లలో మాత్రం పడనీయకండి.