పొట్టలో కొవ్వు మసకబారితే: కొత్త రేడియాలజిస్టుకు మామయ్య ఉత్తరం

పాపా,

కడపలో స్కాన్ సెంటర్లో చేరావని మీ అమ్మ చెప్పింది, సంతోషం. అపెండిక్స్, రాళ్ళు, పేగు అడ్డుపడటం, ఇవన్నీ నీకు నేను చెప్పక్కర్లేదు. కానీ పొట్ట సీటీ స్కాన్ చూసేటప్పుడు కొత్తవాళ్ళు చాలామంది కొవ్వును ఖాళీ జాగా అనుకుని దాటేస్తారు, నేనైతే ముందు అదే చూస్తా. మామూలు కొవ్వు నల్లగా, శుభ్రంగా ఉంటుంది, సీటీలో సాంద్రత కొలతగా చెప్పాలంటే మైనస్ 100 హౌన్స్‌ఫీల్డ్ దగ్గర్లో. వాచిందంటే పొగ పట్టినట్టు బూడిదరంగుకు తిరిగి మైనస్ 50 చుట్టుపక్కలకు వస్తుంది. అనుమానమొస్తే కర్సర్ పెట్టి కొలువు, పక్కనే బాగున్న కొవ్వు మీద కూడా పెట్టి పోల్చుకో.

పేగుల్ని పట్టి ఉంచే మెసెంటరీ ఎడమవైపు మసగ్గా ఉండి, రక్తనాళాల చుట్టూ మాత్రం సన్నటి నల్ల వలయం మిగిలి, మొత్తానికి బయట పల్చటి అంచు, లోపల చిన్నచిన్న లింఫ్ గ్రంథులు కనబడ్డాయంటే మెసెంటెరిక్ పానిక్యులైటిస్ (ఆ మెసెంటరీ కొవ్వు వాపు) అని రాసెయ్యాలనిపిస్తుంది. అక్కడే ఆగు. పాంక్రియాస్ వాచిందేమో చూడు, లివర్ గట్టిపడి కడుపులో నీరు చేరిందేమో చూడు, ఈమధ్య ఏదైనా ఆపరేషన్ అయిందా అని అడుగు, ఎందుకంటే వీటన్నిట్లోనూ కొవ్వు మసకబారుతుంది. గ్రంథి 10 మిల్లీమీటర్లు దాటితే లింఫోమాను (లింఫ్ గ్రంథుల క్యాన్సర్) లెక్కలోకి తీసుకోవాల్సిందే. మధ్యలో నల్లగా, అంచు మాత్రం తెల్లగా మెరిసే గ్రంథులుంటే టీబీ, మన దేశంలో ఉంటూ దాన్ని మర్చిపోతే ఎట్లా? కాల్షియం ఉన్న గడ్డ చుట్టూ గీతలు లాగినట్టుంటే కార్సినాయిడ్ అనే కణితి కూడా కావచ్చు. ప్లెయిన్ స్కాన్‌లో మసక కనబడుతుంది గానీ గ్రంథులు, నాళాలు తేలాలంటే నరంలోకి కాంట్రాస్ట్ మందు ఎక్కించాలి, కిడ్నీ పరీక్ష క్రియాటినిన్ బాగుంటే డబ్బులకు జంకకుండా వాళ్ళకు విడమరిచి చెప్పు.

పాత స్కాన్ అడగడం మర్చిపోవద్దు. మనవాళ్ళు ఫిల్ములు కవర్లో పెట్టి బీరువా మీద పడేస్తారు, ఎవరూ అడక్కపోతే ఇంట్లోనే ఉంటాయి. రెండేళ్ళ కింద కూడా అదే మసక అంతే ఉంటే సగం టెన్షన్ అక్కడే పోతుంది.

ఇంకొకటి. ఎడమ కింది పొట్టలో ఒకేచోట వేలు పెట్టి చూపించే నొప్పి, జ్వరం లేదు, తెల్లకణాలు మామూలే. అప్పుడు పెద్దపేగు పక్కన చూడు, రెండు మూడు సెంటీమీటర్ల కోడిగుడ్డు ఆకారపు కొవ్వు, చుట్టూ తెల్లటి అంచు, ఒక్కోసారి నడుమ ఒక చుక్క. అది ఎపిప్లోయిక్ అపెండజైటిస్, అంటే పెద్దపేగుకు వేలాడే కొవ్వు తునక వాపు. మామూలుగా నొప్పి మాత్రలతో వారం రెండు వారాల్లో తగ్గిపోతుంది. నువ్వు స్పష్టంగా రాయకపోతే ఎవరో యాంటీబయాటిక్ మొదలుపెడతారు, లేదా అనవసరంగా కోస్తారు.

రిపోర్టు పేషెంట్ కొడుకు గేటు బయట టీ కొట్టు దగ్గరే చదువుతాడు, ఫోన్లో వెతుకుతాడు. అందుకని కనబడిందేమిటో, దానికి కారణం దొరికిందో లేదో, మళ్ళీ స్కాన్ కావాలో వద్దో, కావాలంటే ఎన్ని నెలలకో రాయి. ఎటూ తేలకపోతే ఊహాగానం రాయకుండా సర్జన్‌కు ఫోన్ చెయ్, రాత్రయినా సరే.

మీ కర్నూలు మామయ్య