వృద్ధాశ్రమంలో ఉన్న అమ్మకు రాత్రి భోజనం మాన్పించవచ్చా?

ప్రశ్న: మా అమ్మకు 76 ఏళ్లు. గుంటూరులో ఒక వృద్ధాశ్రమంలో ఉంటోంది. చేరినప్పుడు 70 కిలోలు, ఇప్పుడు 84. ఎత్తు 152 సెంటీమీటర్లు. షుగర్‌కి గ్లిమెపిరైడ్ వాడుతోంది. ఇద్దరు ఆయాలు పట్టుకుంటే తప్ప కుర్చీలోంచి లేవలేదు. రాత్రి భోజనం ఆపేద్దామంటున్నారు. ఆపవచ్చా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: ఆపవద్దమ్మా. అన్నం తిన్నా తినకపోయినా గ్లిమెపిరైడ్ ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తూనే ఉంటుంది. ఆ మందు వేసుకుని భోజనం మానేస్తే షుగర్ 70 కిందికి పడిపోవచ్చు. చెమటలు, మాట తడబాటు నిద్రలో వస్తే ఎవరూ గమనించరు. తిండి ఏ కొంచెం తగ్గించాలన్నా ముందు డాక్టరుగారితో మాట్లాడి మోతాదు సరిచూడండి.

పైగా ఈ వయసులో కడుపు మాడిస్తే కొవ్వుతోపాటు కండ కూడా కరుగుతుంది. బరువు తగ్గుతుంది గానీ మనిషి ఇక అసలు లేవలేకపోతుంది.

పెరిగింది కొవ్వేనా, నీరా అన్నది కూడా చూడాలి. మోకాలి కింద ఎముక మీద బొటనవేలితో పది సెకన్లు నొక్కండి. గుంట పడి ఉండిపోతే నీరు చేరినట్టు. గుండె, కిడ్నీ పరీక్షలు చేయించాలి. బీపీకి వాడే ఆమ్లోడిపిన్ వల్ల కూడా పాదాలు వాస్తాయి. థైరాయిడ్ పరీక్ష కూడా చేయించండి.

ఇక తిండి. ఆశ్రమాల్లో పూటపూటా అన్నం దండిగా, పప్పు పలచగా పడుతుంది. అన్నం పూటకు ఒక కప్పుకు తెచ్చి, ముద్దపప్పు, గుడ్డు, పెరుగు పెంచండి. కిడ్నీలు బాగుంటే రోజుకు 60 గ్రాముల ప్రొటీన్ అందాలి. గుడ్డులో 6 గ్రాములు, గ్లాసు పాలలో 6 దాకా ఉంటుంది. సాయంత్రం పునుగులు, టీలో రెండేసి చెంచాల పంచదార మాన్పించండి. చూడటానికి వెళ్లేటప్పుడు బందరు లడ్డూ బదులు జామకాయలు పట్టుకెళ్లండి. ఆరు నెలల్లో 4 కిలోలు తగ్గితే చాలు.

అన్నిటికంటే ముఖ్యం లేచి నిలబడటం. చేతులున్న గట్టి కుర్చీని గోడకు ఆనించండి. అంచుకు జరిగి, పాదాలు మోకాళ్లకంటే కాస్త వెనక్కి పెట్టి, ముక్కు కాలివేళ్ల పైకి వచ్చేదాకా ముందుకు వంగి, అప్పుడు లేవాలి. వెనక్కి వాలి లేవబోతేనే కూలబడతారు. మొదట ఐదుసార్లు, రోజుకు మూడు పూటలు; కళ్లు తిరిగినా, ఛాతీలో నొప్పి వచ్చినా ఆపేయాలి. ఆయాలు చంకల్లో చేతులేసి లాగకూడదు, భుజం కీలు తప్పుతుంది. నడుముకు వెడల్పాటి బెల్టు కట్టి పట్టుకోమనండి.

పొట్ట మడత కింద, రొమ్ముల కింద రోజూ కడిగి, రుద్దకుండా అద్ది ఆరబెట్టాలి. పౌడరు చెమటకు ముద్దకట్టి ఒరుస్తుంది. దాని బదులు పలచని నూలు గుడ్డ మడతలో పెట్టి, తడవగానే మార్చండి.