పెరోవ్‌స్కైట్ పొర పీ టైపా, ఎన్ టైపా?

తిరుపతిలో ఎంఎస్సీ ఫిజిక్స్ చదివే తమ్ముడొకరు అడిగిన ప్రశ్న: సోలార్ సెల్‌లో కాంతిని పీల్చుకోడానికి వాడే పెరోవ్‌స్కైట్ అనే స్ఫటిక పదార్థం పీ టైపా, ఎన్ టైపా?

రెండూ కావచ్చు. కరెంట్‌ను ఎక్కువగా ఎలక్ట్రాన్లు మోస్తే ఎన్ టైపు, హోల్స్ (ఎలక్ట్రాన్ లేని ఖాళీలు) మోస్తే పీ టైపు. మన తిరుపతి మేడల మీద కనిపించే సిలికాన్ ప్యానెళ్లలో బోరాన్ కలిపితే పీ, ఫాస్ఫరస్ కలిపితే ఎన్. అక్కడితో తేలిపోతుంది. మిథైల్ అమ్మోనియం లెడ్ అయొడైడ్ అనే సీసం పెరోవ్‌స్కైట్‌లో బయటి మూలకం అక్కర్లేదు, స్ఫటికంలో అణువులు లేక ఖాళీ పడిన చోట్లే ఆ పని చేస్తాయి. అయొడిన్ ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంటే ఎలక్ట్రాన్ వస్తుంది, సీసం చోటు ఖాళీ అయితే హోల్ వస్తుంది. అందుకే పొర తయారీకి వాడే ద్రావణంలో లెడ్ అయొడైడ్ ఎక్కువైతే పొర ఎన్ వైపు, మిథైల్ అమ్మోనియం అయొడైడ్ ఎక్కువైతే పీ వైపు మొగ్గుతుంది. తయారైన పీ పొరను ఇంకాస్త వేడిచేస్తే మిథైల్ అమ్మోనియం అయొడైడ్ ఎగిరిపోయి ఎన్‌గా మారొచ్చు కూడా! కింద వేసిన పొర ప్రభావమూ ఉంటుంది.

సీసం బదులు తగరం వాడితే ఇంత టెన్షన్ లేదు. తగరం సులభంగా ఆక్సీకరణం చెందుతుంది, కాబట్టి సాధారణంగా పీ టైపే.

పరీక్షలో మాత్రం సీసం పెరోవ్‌స్కైట్ ‘దాదాపు ఇంట్రిన్సిక్’ (పీ, ఎన్ ఎటూ బలంగా మొగ్గనిది) అని రాయండి. సెల్‌లో దాన్ని పీ, ఎన్ పొరల మధ్య ఇరికించేది అందుకే. అసలు తమాషా స్ఫటికంలోని అయాన్లది (విద్యుదావేశం ఉన్న అణువులది): వోల్టేజ్ పెట్టి ఉంచితే అవి జరిగిపోయి, కొన్ని సెల్‌లలో కరెంట్ దిశే తిరగబడుతుంది.